పసుపు గీతకు నాలుగు వేళ్ళు

వారం 62, సోమవారం. పసుపు గీతకూ నీటికీ మధ్య తొమ్మిది వేళ్ళు.

ఈ చిట్టాలో నేను రాయవలసింది పైనున్న ఒక్క ముక్కే. ఏడో వీధికి నీటిగీత చూసే ఉద్యోగం నాది. రోజూ పొద్దున్నే వీధి చివరి మెట్ల మీద బోర్లా పడుకుని, వీధిని మోస్తున్న పీపాల మీది పసుపు గీతకూ సముద్రానికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో కొలిచి రాయాలి. వేళ్ళు తగ్గుతున్నాయంటే వీధి మునుగుతోందని అర్థం. ఇదివరకు కొలబద్ద ఉండేది. రెండేళ్ళ కిందట తుఫాను పట్టుకుపోయింది. కొత్తది వచ్చేదాకా అని చెప్పి నా కుడిచేతి వేళ్ళను రికార్డులోకి ఎక్కించారు. కొత్తది ఇంకా వస్తూనే ఉంది. అలా నా వేళ్ళు ప్రభుత్వ ఆస్తి అయిపోయాయి.

చిట్టాలో "ఇతర విశేషాలు" అని ఒక గడి ఉంది. దాన్ని ఎవరూ చదవరు. అందుకే నా గోడంతా అందులోనే వెళ్ళబోసుకుంటాను.

ఇవాళ్టి విశేషం మామూలుది కాదు. సోమవారం కదా, టిఫిన్ వరసలో నిలబడ్డాను. వరస ముందుండే మాటపెట్టె యంత్రానికి వారం మాట చెప్పందే ఎవరికీ సముద్రపు పాచితో చేసిన ఇడ్లీ పడదు. ఏడు రోజుల్లో చేసి చూపించగలిగేది ఏదైనా ఒకటి చెప్పాలి. ఆదివారానికి చేసేస్తే గుమ్మం మీద పచ్చదీపం, చెయ్యకపోతే ఎర్రదీపం. ఎక్కువ పచ్చదీపాలున్న వీధికి ఆదివారం తొట్టెడు వేడి మంచినీళ్ళు వస్తాయి. చుట్టూ సముద్రమే ఉన్న ఊళ్ళో వేడి మంచినీళ్ళతో తలంటు అంటే పెళ్ళి భోజనం కన్నా ఎక్కువ.

పెట్టె వచ్చిన రోజు నుంచి ఈ ఊళ్ళో వారాలు లెక్కపెడుతున్నారు. అప్పటి నుంచి నా గుమ్మానికి ఒక్క ఎర్రదీపం పడలేదు. కిటుకు పెద్దదేం కాదు. పోయిన వారం నా మాట: "రాత్రి పదకొండు దాటాక గున్నమ్మప్పతో గొడవపడను." నేను ఎనిమిదింటికే ముసుగు తన్నేస్తాను. పక్కింటి గున్నమ్మప్ప నాకన్నా ఘనురాలు. అరవై ఒక్క వారాలుగా ఆవిడ మాట ఒకటే, రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు తాగుతానని.

ఇవాళ నా వంతు రాగానే పెట్టె గొంతు సవరించుకుంది.

"పైడితల్లి గారూ, అభినందనలు! అరవై ఒక్క వారాలుగా మీరు మాట తప్పలేదు. మీ వీధికి కొత్త గీకుడు మనిషి కావాలి. ఇంత పట్టుదల గలవారు మరొకరు కనబడలేదు. మీ పేరు ఖాయం చేశాను."

వరసంతా చప్పట్లు కొట్టింది.

గీకుడు అంటే, పీపాల అడుగున గుల్లలు పట్టేస్తాయి. వాటి బరువుకు వీధి వారానికో వేలు చొప్పున దిగిపోతుంది. కిందకు మునిగి వాటిని రేకుతో గీకెయ్యాలి. ఒకప్పుడు రెండు యంత్రాలుండేవి. ఒకటి గుల్లల్లో ఇరుక్కుపోయింది, రెండోది దాన్ని వెతకడానికి వెళ్ళింది. తర్వాత ముప్ఫయ్యేళ్ళు కూర్మయ్య చిన్నాన్నే గీకాడు. ఆయనకు డెబ్భై ఒకటి దాటాయి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇంకోసారి మునిగితే కుడిది కూడా నీది కాదని డాక్టరమ్మ చెప్పేసింది.

అరవై తొమ్మిదో వారం శుక్రవారం తుఫాను తనిఖీ. ఆ రోజుకు నాలుగు వేళ్ళైనా మిగలాలి. లేకపోతే మా వీధిని ఊరితో కలిపే కొక్కేలు విప్పేసి, ముప్ఫయ్యొక్క ఇళ్ళనూ తలో వీధికీ సర్దేస్తారు. నేను ఈ వీధిలోనే పుట్టాను. గున్నమ్మప్ప లేని గోడ పక్కన నాకు నిద్ర పట్టదు. ఆ సంగతి ఆవిడకు చెప్పకండి.

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా సముద్రం మీద బతుకుతున్నాను. ఇంతవరకు దాంట్లో తల పెట్టలేదు. ఎందుకు భయం అని అడుగుతారు. నీళ్ళంటే భయం, అంతే.

వారం మాట: వారంలో నాలుగు రోజులు తల మొత్తం నీళ్ళలో ముంచుతాను.

వారం 62, గురువారం. తొమ్మిదికి కాస్త తక్కువ.

మొదటి మూడు రోజులు మెట్ల మీదే గడిచాయి. మోకాళ్ళ దాకా బాగానే దిగాను. నడుం దాకా వచ్చేసరికి పొయ్యి మీద ఏదో మాడుతోందని గుర్తొచ్చి ఇంటికి పరుగెత్తాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఇవాళ బియ్యం కడుగుతుంటే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పెట్టె మన మాట చూసుకునేది అందరి మెడకూ కట్టిన పట్టీతో. తల తడిస్తే పట్టీకి తెలుస్తుంది. ఏ నీళ్ళని అది అడగదు. బకెట్లో బియ్యం కడిగిన నీళ్ళున్నాయి. కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని, బుడుంగుమని ముంచేశాను.

"అభినందనలు! మీరు సాధించారు!" అని పట్టీ గుయ్యిమంది.

వారం 63, సోమవారం. ఎనిమిది వేళ్ళు.

నిన్న గుమ్మం మీద పచ్చదీపం. వీధికి వేడినీళ్ళు. గున్నమ్మప్ప మోకాళ్ళకు నువ్వులనూనె పట్టించుకుని, ఆ నీళ్ళు పోసుకుని గంట సేపు పాటలు పాడింది.

కూర్మయ్య చిన్నాన్న ఎదురొచ్చాడు. "నీళ్ళెలగున్నాయి తల్లీ?" అని అడిగాడు.

"బాగున్నాయి సిన్నాన్నా. కాస్త చల్లగున్నాయి," అన్నాను. బకెట్ నీళ్ళు కూడా చల్లగానే ఉంటాయి కదా, అబద్ధం కాదు.

వారం మాట: అదే.

వారం 64, సోమవారం. ఏడు వేళ్ళు.

మళ్ళీ పచ్చదీపం. మళ్ళీ వేడినీళ్ళు. పెట్టె నన్ను "ఈ నెల ఆదర్శ మహిళ" అంది.

"ఏటే పైడీ, జుట్టు అలగ నిగనిగలాడిపోతంది? ఏటి రాస్తన్నావే?" అని గున్నమ్మప్ప నా జడ పట్టుకు లాగింది.

"ఏటీ లేదప్పా, సముద్రం గాలి," అన్నాను.

కొలవడం కాగానే పసుపు గీత వైపు చూడకుండా వచ్చేస్తున్నాను. తనిఖీకి ఇంకా ఐదు వారాలుంది కదా అనుకున్నాను. వచ్చే వారం నుంచి నిజంగా మొదలుపెట్టాలి. ఈ వారానికి మాత్రం బకెట్టే.

వారం 65, సోమవారం. ఏడు వేళ్ళు!

మూడుసార్లు కొలిచాను. ఏడే. వీధి ఈ వారం దిగలేదు. సముద్రానికి మా మీద జాలి కలిగిందనుకుని గంతులేస్తూ టిఫిన్ వరసకు వెళ్ళాను. ముందు కూర్మయ్య చిన్నాన్న నిలబడి ఉన్నాడు. "సిన్నాన్నా, గీత దిగలేదు!" అన్నాను. పలకలేదు. భుజం తట్టితే తిరిగాడు. కుడి చెవిలో దూది ఉంది. దూది మీద ఎర్రటి మరక.

ఆయన పక్కనున్న గున్నమ్మప్ప చెప్పింది.

"శనివారం దిగినాడే ముసలాయన. పిల్ల నేర్సుకుంతంది, అందాకా గీత ఆగాల గదా అని. డాక్టరమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మల్లీ దిగకపోతే ఆ చెవి కొంచెం కొంచెంగా తిరిగొస్తాదంట. దిగినాడంటే ఇంక లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా, ఎవరికీ వినపడకుండా చెప్పాను. "నేను సముద్రంలో ముంచలేదు సిన్నాన్నా."

"ఏటీ?"

"సముద్రంలో కాదు."

"గట్టిగా సెప్పమ్మా. దూది పెట్టినారు."

ఇంక దారి లేదు. ఊపిరి పీల్చుకుని అరిచాను. "బకెట్లో! బియ్యం కడిగిన బకెట్లో ముంచాను! మూడు వారాలూ!"

ఇడ్లీ వడ్డించే ఆయన గరిటె గాల్లోనే ఆగిపోయింది. ముప్ఫయ్యొక్క ఇళ్ళ వాళ్ళూ తమ తలలు తడుముకోవడం చూశాను. తాము ఎవరి పుణ్యాన వేడినీళ్ళు పోసుకున్నారో వాళ్ళకు అప్పుడు తెలిసింది.

కూర్మయ్య చిన్నాన్న మాత్రం నవ్వాడు. "నాకు తెలుసులే తల్లీ. ఉప్పునీల్లలో మునిగిన జుట్టు కొబ్బరి పీచులాగుంటాది. నీది సూడు, పెళ్ళికూతురి జడ లాగుంది."

"మరి అడగలేదేం?"

రెండుసార్లు అరిస్తే గాని వినపడలేదు.

"అడిగితే ఆ బకెట్టు కూడా మానేద్దువు. ముప్పయ్యేళ్ళ నుంచి సూస్తన్నాను, మన ఈదిలో బకెట్టు దాకా వచ్చినోలు కూడా లేరు. బకెట్లో ముంచడం తప్పేటి కాదు. మూడు వారాలు అదే బకెట్టా? రెండో వారం కనీసం తొట్టిలోనైనా ముంచాల గదా!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

టిఫినయ్యాక నన్ను మెట్ల దగ్గరకు తీసుకెళ్ళి ఒక తాడు చేతికిచ్చాడు. తాడుకి మూడు ముడులున్నాయి. మొదటిది మెడ లోతున, రెండోది చెయ్యెత్తితే మునిగేంత కింద, మూడోది పీపాల అడుగున, గుల్లల దగ్గర. ఆ ముడులు ఆయన నేర్చుకునేటప్పుడు వేసుకున్నవే. మొదటిదానికి ఆయనకు రెండు నెలలు పట్టిందట. నా దగ్గర ఉన్నది నాలుగు వారాలు. మూడు ముడులకు నేను ఇంతగా వణకడం ఇది రెండోసారి. మొదటిసారి పెళ్ళిపీటల మీద.

వారం మాట: సముద్రంలోనే, మొదటి ముడి, తల ముంచి.

వారం 65, ఆదివారం. ఆరు వేళ్ళ మీద ఒక గోరు.

గడ్డం దాకా వెళ్ళాను. పెదాల దాకా వెళ్ళాను. శనివారం ఒక అల వచ్చి నా ప్రమేయం లేకుండా ముక్కు దాకా ముంచింది, అది లెక్కలోకి రాదన్నాను నేనే.

సాయంత్రం గుమ్మం మీద ఎర్రదీపం వెలిగింది. మొట్టమొదటిది. ఒకే ఒక్క దీపం తేడాతో వేడినీళ్ళు మూడో వీధికి పోయాయి. గున్నమ్మప్ప తలుపు వేసుకుంది, చప్పుడయ్యేలా.

వారం 66, బుధవారం. ఆరు వేళ్ళకు తక్కువే.

మానేద్దామనుకున్నాను. నిజం రాస్తున్నాను, ఎవరూ చదవరు కాబట్టి. పొద్దున పట్టీ మెల్లగా గుయ్యిమని, "నిరుత్సాహంగా ఉన్నారా? మీరు గతంలో మూడుసార్లు సాధించిన సులువైన మాట ఒకటుంది: బకెట్లో తల. మళ్ళీ ప్రయత్నిస్తారా?" అంది.

పట్టీ తీసి అలమరలో పడేసి మెట్ల దగ్గరకు వెళ్ళాను, మానేస్తున్నానని చెప్పడానికే. కూర్మయ్య చిన్నాన్న అప్పటికే వచ్చి కూర్చున్నాడు. చెవిలో దూది, తాడు చివర వేలికి చుట్టుకుని ఉన్నాడు. నేను పిలిస్తే వినపడదు కాబట్టి తాడు ఊపమన్నాడు. ఊపితే ముడి అందుకున్నానని లెక్క. పొద్దున్నుంచి ఆయన వేలి మీదికి తాడు నుంచి ఏ కబురూ రాలేదు. అయినా ఏడింటి నుంచి అలాగే కూర్చున్నాడు.

దానికి ఏమనాలి? దిగాను. కళ్ళు మూసుకున్నాను. తల ముంచాను. చెవుల్లో హోరు. చేతికి ముడి తగిలింది. పిచ్చిదానిలా ఊపాను.

పైకొచ్చి చూస్తే ఆయన ఒక వేలు పైకెత్తి నవ్వుతున్నాడు.

వారం 67, సోమవారం. ఐదు వేళ్ళు.

నిన్న ఎర్రదీపమే. తనిఖీ దగ్గరపడుతోందని పోయిన వారం ఏకంగా రెండో ముడికి మాటిచ్చాను. అది ఆదివారం రాత్రి గడువు దాటాక, ఇవాళ పొద్దున అందింది. "ఆలస్యమైనందుకు చింతిస్తున్నాం," అంది పెట్టె. నేనేమీ చింతించలేదు. రెండో ముడి దగ్గర కళ్ళు తెరిచాను. ఆకుపచ్చటి వెలుగు, దాంట్లో మా వీధి అడుగు. మా ఇల్లు కింద నుంచి ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకు చూశాను. గుల్లలు మూరెడు మందాన పట్టేసి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళు ఈ మనిషి ఒక్కడే ఇదంతా చేశాడా అనుకున్నాను.

వారం మాట: మూడో ముడి దగ్గర మూరెడు మేర గీకుతాను.

వారం 67, శనివారం. నాలుగు వేళ్ళు, ఒక గోరు.

మూరెడు కాదు, బెత్తెడు మాత్రమే అయింది. ఊపిరి ముప్ఫై లెక్కపెట్టేదాకే ఆగుతోంది, దాంట్లో ఇరవై వెళ్ళి రావడానికే సరి. గుల్లల అంచులు బ్లేడ్లు. వేళ్ళన్నీ కోసుకుపోయాయి. గుడ్డపీలికలు చుట్టుకుని తిరుగుతున్నాను, కొలతకు మాత్రం విప్పి. రేపు ఎర్రదీపమే అని ముందే తెలుసు. జుట్టు కొబ్బరి పీచైపోయింది.

ఆ జుట్టు చూసి ఇవాళ గున్నమ్మప్ప తలుపు తీసింది. నా చేతులు చూసింది. లోపలికెళ్ళి పసుపు తెచ్చి, పీలికలు విప్పి, పూసి, మళ్ళీ కట్టింది. కట్టేటప్పుడు గట్టిగానే లాగింది. అది నాకు బాగానే అనిపించింది.

వారం 68, సోమవారం. నాలుగు వేళ్ళు, ఒక గోరు. అంతే ఉంది, తగ్గలేదు.

టిఫిన్ వరసలో గున్నమ్మప్ప నా ముందుంది. పెట్టె మర్యాదగా, "గున్నమ్మ గారూ, రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు, అంతే కదా?" అంది.

"కాదు," అంది గున్నమ్మప్ప. "మెట్ల పక్క పీపాలున్నాయి కదా. ఆటి మీద కూచుంటే అందినంత మేర నేను గీకుతాను. ఒక పీపా మొత్తం."

"మీ మోకాళ్ళ దృష్ట్యా మీరు సాధించే అవకాశం తొమ్మిది శాతం. ఎర్రదీపం పడవచ్చు."

"పడనీ. నీ దీపం నెత్తినెట్టుకుని పడుకుంతానా నేను?"

వెనకాల పదిమంది వింటున్నారు. తర్వాత వాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళి చెప్పిన మాటలు నేను ఇదివరకెప్పుడూ వినలేదు. ఇడ్లీ వడ్డించే ఆయన మొదటి ముడి దాకా వస్తానన్నాడు. ఎదురింటాయన ఊపిరి నలభై లెక్కపెట్టేదాకా పడతానన్నాడు. అతి సులువైన మాట రెండు రేకులు సానపట్టడం.

వారం 68, ఆదివారం. నాలుగు వేళ్ళు, ఒక గోరు.

ముప్ఫయ్యొక్క గుమ్మాల మీద ఇరవై ఆరు ఎర్రదీపాలు. వీధంతా దానిమ్మపండులా మెరిసిపోతోంది. గున్నమ్మప్ప పీపాలో సగం గీకింది. ఇడ్లీ ఆయన మొదటి ముడి దగ్గర మూడు సార్లు నీళ్ళు మింగి నాలుగోసారికి నవ్వాడు.

సాయంత్రం పెట్టె నన్ను పిలిపించింది. "పైడితల్లి గారూ, ఏడో వీధిలో అంటువ్యాధి ఏమైనా ప్రబలిందా? డాక్టరమ్మను పంపమంటారా?"

"ప్రబలింది. పంపొద్దు," అన్నాను.

వారం 69, శుక్రవారం. తనిఖీ.

తనిఖీ అధికారి లావుగా, బట్టతలతో, చెమటలు కక్కుతూ పడవ దిగాడు. అలలు సర్దుకునేదాకా కొలవకూడదట. అందాకా చిట్టా ఇమ్మని అడిగి, నీడలో కూర్చుని తిప్పసాగాడు. వేళ్ళ లెక్క చూస్తాడనుకున్నాను. ఆయన "ఇతర విశేషాలు" చదవడం మొదలుపెట్టాడు. మొదటి నుంచి. నా ప్రాణాలు అక్కడే సగం పోయాయి. బకెట్ దగ్గర కళ్ళెత్తి నన్నొకసారి చూశాడు. తర్వాత పేజీ తిప్పాడు. వీధిలోని వాళ్ళందరూ మెట్ల మీద బారుగా నిలబడి ఉన్నారు.

అధికారి చిట్టా మూసేసి లేచి, మెట్ల మీద వంగి, తన చెయ్యి పీపా మీద పెట్టాడు. ఆయన వేళ్ళు అరటిపళ్ళంత ఉన్నాయి. మూడు పట్టాయి. నాలుగోది సగం నీళ్ళలో మునిగింది.

గున్నమ్మప్ప నా భుజం పట్టుకుంది.

"రికార్డులో ఉన్నది నా చెయ్యి కాదు," అన్నాడాయన. "మీరు పెట్టండి."

బోర్లా పడుకున్నాను. కంగారులో కట్లతోనే చెయ్యి పెట్టాను. పీలికలు చుట్టిన వేళ్ళు. ఇవీ లావైపోయాయి. మూడున్నర. చేతికి మందంగా పసుపు, గుడ్డ, దాని మీద ఇంకో గుడ్డ.

"కట్లు తీయొచ్చా?" అని అడిగాను.

"కట్లు రికార్డులో లేవు," అన్నాడు.

గున్నమ్మప్ప పక్కన కూలబడి, ఒక్కో పీలికా విప్పింది. గాట్లకు అంటుకుపోయిన చోట ఉప్పునీళ్ళు చల్లి మెల్లగా లాగింది. మంటకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నాలుగు వేళ్ళూ బయటికొచ్చాయి, అడ్డదిడ్డంగా గాట్లతో. పీపా మీద, పసుపు గీత కింద, ఒకదాని కింద ఒకటి ఆనించాను.

నాలుగూ పట్టాయి. చివరి వేలికీ నీటికీ మధ్య ఒక గోరంత ఖాళీ.

అధికారి వంగి ఆ గోరు కూడా చూశాడు. నా చేతిని ఇంకాస్త సేపు చూశాడు. నిలబడి, చిట్టాలో సంతకం పెట్టాడు. వీధి వీధంతా ఒక్కసారి అరిచింది. నేను మెట్ల మీదే పడుకుని ఏడ్చాను.

పడవ ఎక్కబోతూ ఆయన వెనక్కొచ్చి, నా చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "ఏమండీ, ఆ బియ్యం నీళ్ళకి జుట్టు నిజంగానే నిగనిగలాడుతుందా?"

వారం 69, ఆదివారం. నాలుగు వేళ్ళు, రెండు గోళ్ళు.

ఎర్రదీపం. ఈ వారం ఒక పీపా మొత్తం అన్నాను, ముప్పావు పీపా అయింది. వేడినీళ్ళు మూడో వీధికే. మా వీధి తలంటు చన్నీళ్ళతోనే. గున్నమ్మప్ప నా కొబ్బరి పీచుకు నూనె పట్టిస్తూ, నా తలలో పడ్డ చిక్కులకు పేరుపేరునా శాపాలు పెట్టింది. నీళ్ళు పోసినప్పుడు ఇద్దరం కేకలేశాం. ఆ కేకలకు వీధి చివరి దాకా నవ్వులు.

వారం 70, సోమవారం. ఐదు వేళ్ళు.

పెట్టె వచ్చాక వేళ్ళ అంకె పెరగడం ఇదే మొదటిసారి.

పొద్దున మూడో ముడి నుంచి పైకొచ్చాను. రెండు చేతులా రేకు పట్టుకుని ఉన్నాను, తాడు ఊపడం కుదరలేదు. మెట్ల మీద కూర్మయ్య చిన్నాన్న నాకు వీపు పెట్టి, వేలికి తాడు చుట్టుకుని, ఎండ కాచుకుంటున్నాడు. అలవాటు కొద్దీ, వినపడదని తెలిసీ, మామూలు గొంతుతోనే అన్నాను.

"సిన్నాన్నా, పీపా అయిపోయింది."

తాడు కదలలేదు. ఆయన మాత్రం వెనక్కి తిరిగాడు.

"ఒకటే గదా," అన్నాడు. "రెండోది ఎప్పుడు?"